అమ్మవారి షెడ్డులో వంట

మా మామగారు బతికున్న రోజుల్లో, పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుని వచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోయేది. షేర్ ఆటో ఆయన్ని మా ఊరి జంక్షన్‌లో దింపి కవిటి వైపు వెళ్ళిపోయేది. అక్కడి నుంచి మా ఇల్లు కొబ్బరితోటల్లోకి కాస్త లోపలికి ఉంటుంది. ఆ కాస్త దూరం కూడా నడవలేక ఆయన జంక్షన్‌లోనే అమ్మవారి గుడి పక్కనున్న రేకుల షెడ్డులో చతికిలబడేవారు. మా అత్త ఇంటి దగ్గర్నుంచి కేరేజీ పట్టుకెళ్ళి అక్కడే తినిపించేది.

అదే ఆటోలోంచి దిగినవాళ్ళు ఇంకా కొందరుండేవారు. సముద్రం ఒడ్డు పల్లెలకు వెళ్ళే ఆటో కోసం గోడకు ఆనుకుని కూర్చునేవారు. చేతుల మీద సూది గుచ్చినచోట దూది అంటించి ఉండేది. చీకటితో ఇల్లు వదిలి వచ్చినవాళ్ళు. అన్నం కావాలని ఎవరూ అడిగేవారు కాదు. మామగారి కంచం వైపు చూడకుండా ఉండడానికి రోడ్డు వైపు తిరిగి కూర్చునేవారు.

మామగారు పోయిన కొన్నాళ్ళకు, ఒకరోజు పొద్దున్నే అత్త నాతో అంది.

"పిల్లా, ఎసట్లో బియ్యం ఇంకాసిని ఎక్కువెయ్యి."

"ఎవరొత్తన్నారు అత్తా?"

"ఆటో ఒత్తాది కదేటి."

అలా మొదలయింది. ఆ షెడ్డు ఏటా జరిగే అమ్మవారి సంబరానికి, అంటే జాతరకు, వంటలు చెయ్యడానికి కట్టింది. మిగతా ఏడాదంతా ఖాళీగా ఉండేది. సంబరంలో తలకెత్తుకునే మొదటి ఘటం మా ఇంటి నుంచే బయల్దేరుతుంది కాబట్టి షెడ్డు తాళం కూడా మా ఇంట్లోనే ఉండేది. గుడి కమిటీ పెద్దను అత్త ఒక మాట అడిగింది. ఆయన జీడితోటలున్న రైతు, అత్త వరసకి అక్క అవుతుందని అప్పా అని పిలుస్తాడు. "మంచిపని కదప్పా, సెయ్యి" అని తన తోటలో కొట్టిన జీడికంపలు బండితో తోలించాడు కూడా. పొయ్యి వెలిగించే ముందు అత్త అమ్మవారి గుమ్మంలో నిలబడింది. "ఇది నీ పని తల్లీ. నాను వండుతాను, మిగతాది నువ్వు సూసుకో" అంది. అంతకు మించి మొక్కులేవీ మొక్కుకోలేదు.

నేను టెక్కలి నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చినదాన్ని. మా వైపు కూడా జబ్బులున్నాయిగానీ, ఈ కిడ్నీల జబ్బుతో ఇంటింటికీ ఒక మంచం రోగికోసం వాల్చి ఉండడం ఇక్కడే చూశాను. ఆటో వచ్చే రోజుల్లో ఆ షెడ్డులో వంట చేస్తుంటే, ఈ ఊరు వచ్చాక మొదటిసారి నాకు కాస్త ఊపిరాడినట్టుండేది.

మొదట మమ్మల్ని తిట్టింది ఊరివాళ్ళు కాదు. పల్లె నుంచి వచ్చే ఒక మత్స్యకారుడి భార్య. ఆమె భర్త మా దగ్గర తినడం మొదలుపెట్టి నెల తిరగలేదు. ఒకరోజు ఆమె ఆయనతోపాటు ఆటో దిగి, తిన్నగా పొయ్యి దగ్గరికొచ్చి గరిటె లాగేసుకుంది.

"ఏటి పెడతన్నారు మా ఆయనకి? కాళ్ళు సూడు, ఎలా వాసిపోనాయో! మీ పులుసులో ఉప్పు, మీ పచ్చట్లో కొబ్బరి. పైనుంచి అమ్మవారి పెసాదమని కొబ్బరినీళ్ళు. ఆసుపత్రిలో నన్ను నోటికొచ్చినట్టు తిట్టినారు. పున్నెం మీకు, సావు మాకేటి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఊరికే పెట్టే అన్నానికి ఇన్ని మాటలా అనిపించింది. అత్త మాత్రం పొయ్యి దగ్గర్నుంచి లేచింది. వంగి ఆయన కాళ్ళు చూసింది. బొటనవేలితో నొక్కితే పడిన గుంట ఎంతకీ పూడలేదు. మరుసటి వారం అదే ఆటో ఎక్కి తనూ పలాస వెళ్ళింది. అక్కడి నర్సును అడిగి ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో తెలుసుకుని వచ్చింది. ఆ రోజు నుంచి మా వంటలో ఉప్పు తగ్గింది, కొబ్బరి పోయింది. కూరగాయలు ఉడికించి ఆ నీళ్ళు వార్చి పారబోసేవాళ్ళం. అమ్మవారికి కొట్టిన కొబ్బరికాయ, అరటిపండు రోగుల చేతిలో పెట్టవద్దని అత్త పూజారికి చెప్పింది.

ఆ మాటే ఊళ్ళో వేరేగా పాకింది. "అమ్మవారి కాయ ఒద్దంతాదా? అంత పెద్దదయిపోనాదా?" అన్నారు. తుపానుకు సగం చెట్లు పోయి, మిగిలిన వాటి మీద బతుకుతున్న ఊరు మాది. ఇక్కడ కొబ్బరికాయ వద్దనడం చిన్నమాట కాదు.

సరిగ్గా అప్పుడే కమిటీ పెద్ద కూతురికి వచ్చిన సంబంధం తప్పిపోయింది. టెక్కలి నుంచి కారులో వచ్చిన పెళ్ళివారు జంక్షన్‌లో దారి అడగడానికి ఆగారట. షెడ్డులో ముఖాలు ఉబ్బిపోయినవాళ్ళు, నీలంగా పొంగిన చేతులు కనిపించాయి. కారు అక్కడే వెనక్కి తిరిగింది. ఈ ప్రాంతం పిల్లలంటేనే బయటివాళ్ళు భయపడుతున్న కాలం. ఆ తండ్రి బాధ అబద్ధమని నేను ఇప్పటికీ అనను. కానీ ఆ రోజు నుంచి షెడ్డు ఆయన కంట్లో నలుసయింది.

ఆయన పోట్లాటకు రాలేదు. నవ్వుతూ వచ్చాడు.

"అప్పా, టెక్కలిలో ఒక పెద్దమనిషి నీ గురించి ఇన్నాడు. నీకు సన్మానం సేత్తాడంట. పలాస ఆసుపత్రికాడే పెద్ద షెడ్డు కట్టించే ఆలోసన కూడా ఉన్నాది. ఒక్కపాలి ఎల్లి మాటాడొద్దాం. బేస్తారం నా బండి పంపుతాను."

"బేస్తారం ఆటో ఒత్తాది తమ్ముడా. ఆటో రాని రోజు పెట్టు, నాను ఒత్తాను."

"ఆయనకి బేస్తారమే కుదురుతాది."

మళ్ళీ వచ్చాడు. ఈసారి చెప్పిన రోజు కూడా ఆటో వచ్చే రోజే. ఆ తర్వాత తన భార్యను పంపాడు, అదే తంతు. నేనూ నా భర్తా ఆశపడ్డాం. ఆసుపత్రి దగ్గర పెద్ద షెడ్డు వస్తే ఈ ఊరి గొడవ వదులుతుంది కదా అనుకున్నాం. "ఎల్లిరామ్మా, నీదేటి పోయింది?" అని నా భర్త విసుక్కున్నాడు. అత్త తల అడ్డంగా ఊపింది. "నిజంగా ఇచ్చేవోడయితే నానున్నకాడికి రాడేటి? ఆటో ఒచ్చే యేళకే నన్నీడనుంచి లేపాలని ఎందుకు సూత్తన్నాడు?" అంది. తను లేని రోజు చూసి షెడ్డు తాళం మార్చాలనుకున్నారని చాలాకాలం తర్వాత నాకు తెలిసింది.

పిలుపులు ఆగిపోయాయి, పుకార్లు మొదలయ్యాయి. అత్త సర్పంచి పదవికి నిలబడబోతోందనీ, అందుకే ఈ అన్నం పెట్టడమనీ అన్నారు. కుళాయి దగ్గర నేను బిందె పెడితే మాటలు ఆగిపోయేవి. అత్త ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. నేను అడిగితే, "పదవికి నిలబడనప్పుడు ఆళ్ళకే తెలుత్తాది" అంది, బియ్యంలో రాళ్ళు ఏరుతూ.

ఇక ఒక గురువారం జరిగిన సంగతి. సంబరాల్లో అమ్మవారు పూనే మనిషి మా ఊళ్ళో ఒకామె ఉంది. అత్తకు చిన్నప్పటి నుంచీ స్నేహితురాలు. ఆమె నోట వచ్చిన మాటను అత్త ఏనాడూ కాదనలేదు. మామగారి జబ్బు ముదిరినప్పుడు ఆమె కాళ్ళ దగ్గరే కూర్చుని ఏడ్చింది. ఆ రోజు సాయంత్రం గిన్నెలు కడుగుతున్నాం. నా కొడుకు, చిన్నవాడు, నా చంకలో ఉన్నాడు. ఆమె జుట్టు విరబోసుకుని ఊగుతూ గుడి ముందుకు వచ్చింది. వెనక జనం. వాళ్ళ వెనకాల కమిటీ పెద్ద.

"నా గుమ్మం మైలపడ్డాది! రోగిష్టోళ్ళ ఎంగిలి నా ముంగిట పడతన్నాది! నా కాయ ఒద్దన్నారు! ఈ పొయ్యి ఆర్పండి. ఆర్పకపోతే ఆ ఇంటి పిల్లోడ్ని నా ఒళ్ళోకి తీసుకుంతాను!"

కొడుకును గుండెలకు అదుముకుని అక్కడే కూలబడ్డాను. నా భర్త పరిగెత్తుకొచ్చి తల్లి చేతులు పట్టుకున్నాడు. "అమ్మా, నీకు దణ్ణం పెడతాను, ఆపీ."

అత్త తడిచేతులు కొంగుకు తుడుచుకుని, ఊగుతున్న ఆమె ముందుకు వెళ్ళి, నేలకు తల ఆనించి దణ్ణం పెట్టింది. లేచి నిలబడింది.

"నువ్వే అయితే తల్లీ, నన్ను తీసుకో. నా మొగుడు నీ గుమ్మంలోనే కూకుని కూడు తిన్నాడు. అప్పుడు నువ్వు మైలన్నేదు. ఆకలిమీదున్నోడి ముందునుంచి కంచం తీసీమని అమ్మ సెప్పదు. ఈ మాట నీది కాదు."

ఊగుతున్న ఆమె ఒక్క క్షణం ఆగింది. అత్త ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "సెల్లీ, అలిసిపోనావు. ఇంటికెల్లి తొంగో" అంది. ఆమె అత్త కళ్ళలోకి చూడలేదు. మళ్ళీ ఊగడం మొదలుపెట్టింది కానీ, గొంతులో ఇందాకటి బలం లేదు.

మళ్ళీ ఆటో వచ్చే రోజున అత్త షెడ్డులో పొయ్యి వెలిగిస్తుంటే అగ్గిపుల్లలు చేతిలో విరిగిపోయాయి. నేను ఉండబట్టలేక అడిగాను.

"అత్తా, నిజంగా అమ్మవారే అయితే?"

"అయితే నాను తప్పు సేసినట్టే. శిచ్చ నాకే పడాల."

"నీకెలా తెలుసు, కాదని?"

అత్త పొయ్యిలోకి కంప తోసింది. "నాకేటి తెలుసు పిల్లా, బయమేసి ఆ రేత్రంతా నిద్ర నేదు. కానీ సూడు. ఆ పల్లె మనిసి మనల్ని ఎంతలేసి మాటలందీ! ఆ తిట్టులో ఆవిడ మొగుడి కాళ్ళున్నాయి. అందుకే ఇన్నాను. ఈళ్ళు సన్మానమన్నా, అమ్మవారన్నా, ఆ మాటల్లో ఆటో దిగినోడు ఒక్కడన్నా ఉన్నాడా?"

ఆ వారంలోనే నా కొడుక్కి జ్వరం వచ్చింది. ఒళ్ళు పెనంలా కాలిపోయింది. ఊరంతా మా గుమ్మం వైపు చూసింది, ఎవరూ లోపలికి రాలేదు. నా భర్త మమ్మల్ని టెక్కలి మా పుట్టింటికి తీసుకెళ్ళిపోయాడు. బయల్దేరేటప్పుడు నేను అత్తతో, "నా కొడుకును పణంగా పెట్టి పంతం పట్టావు" అన్నాను. ఆమె వాడి అరికాళ్ళు నిమిరింది, నావైపు చూడలేదు. టెక్కలి డాక్టరు ఊళ్ళో అందరికీ వస్తున్న విషజ్వరమే అన్నాడు. అయినా వాడు లేచి ఇంత గంజి తాగేదాకా నేను అమ్మవారిని తిట్టుకుంటూ, ఆ వెంటనే లెంపలు వేసుకుంటూ గడిపాను.

మేం తిరిగి వచ్చేసరికి షెడ్డుకు కొత్త తాళం ఉంది. పొయ్యి రాళ్ళు పెకలించి రోడ్డు పక్కన పడేసి ఉన్నాయి. గిన్నెలు, డేగిసాలు అత్త ఒక్కతే ఇంటికి మోసుకుంది. మా పెరట్లో కొబ్బరిచెట్ల మధ్య ప్లాస్టిక్ బరకం పైకప్పులా కట్టి, దాని కింద పొయ్యి పెట్టి వండుతోంది. పొగకు ఆమె కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. మనవణ్ణి ఎత్తుకుని వాడి మెడలో ముఖం దాచుకుంది.

పెరటిదాకా నడవలేనివాళ్ళు రావడం మానేశారు. కమిటీ పెద్దకు భయపడి కొందరు మానేశారు. కొందరు పోయారు. మత్స్యకారుడు కూడా పోయాడు. కర్మలయ్యాక అతని భార్య వచ్చింది. మమ్మల్ని చూసి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పొయ్యి పక్కన ఉన్న అంట్లన్నీ ముందేసుకుని తోమి, బోర్లించి వెళ్ళిపోయింది.

ఆ ఏడాది సంబరానికి మొదటి ఘటం మా ఇంటి నుంచి బయల్దేరలేదు. కమిటీ వేరే ఇంటికి ఇచ్చింది. తాషా డప్పుల మోతలు వినబడగానే అత్త కొత్తచీర కట్టుకుని జంక్షన్‌కు వెళ్ళింది. పిల్లలతో, బెలూన్లు అమ్మేవాళ్ళతో కలిసి రోడ్డు వారన నిలబడింది. ఘటం ముందుకొచ్చినప్పుడు అందరిలాగే చెంబుతో నీళ్ళు పోసి దణ్ణం పెట్టింది. ఘటం ఎత్తిన ఆ ఇంటావిడ కళ్ళు దించుకుంది. నేను ఆ రోజు అత్త ముఖం చూడలేకపోయాను.

తర్వాత కమిటీ పెద్ద తమ్ముడికే కిడ్నీలు పాడయ్యాయి. అదే ఆటోలో పలాస వెళ్ళి వచ్చేవాడు. దిగి, తాళం వేసిన షెడ్డు మెట్టు మీద కూర్చునేవాడు. మా పెరటికి రాలేదు. అత్తే కంచం పట్టుకుని వెళ్ళి ఆయన పక్కన పెట్టి వచ్చేది. మొదట్లో ముట్టలేదు, తర్వాత తినేవాడు. అన్న అది చూశాడు. కాదనలేదు, తాళమూ తియ్యలేదు. ఆ తమ్ముడు ఎక్కువకాలం బతకలేదు.

కిందటి వర్షాకాలం అత్త పాదాలు వాచాయి. రక్తపరీక్ష కాగితం చూసి నా భర్త అరుగు మీద కూర్చుండిపోయాడు. ఊళ్ళో ఒకరిద్దరు, అమ్మవారు ఊరికే వదులుతుందా అన్నారు. అదే అమ్మవారు ఈ ఊళ్ళో ఇంకెంతమందిని వదల్లేదో వాళ్ళకూ తెలుసు. అత్త ఆ మాట విని, "నన్ను తీసుకోమని నానే అన్నాను కదేటి" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఇప్పుడు ఆ ఆటోలో ఆమె కూడా వెళుతుంది. వంట నేనే చేస్తున్నాను. ఆమెకున్నంత నమ్మకం నాకుందని చెప్పలేను. కొన్ని రోజులు వండినదంతా మిగిలిపోతుంది. బరకంలో వాననీళ్ళు నిలిచి, కర్రతో ఎత్తిపోస్తూ వండాల్సి వస్తుంది. మొన్న జలంత్రకోట నుంచి ఒక అమ్మాయి, నాకన్నా చిన్నది, ఆటోలో వాంతి చేసుకుని వచ్చింది. ముఖం కడిగి చాప వేశాను. రెండు ముద్దలు తిని, ఇంకో ముద్ద చేతిలో పట్టుకుని అలాగే కునికింది. ఆ ముద్ద మెల్లిగా తీసి చెయ్యి తుడిచాను.

అత్త మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోయిందనుకున్నాను.

"ఎవరా పిల్ల?" అంది.

"కొత్త పిల్ల అత్తా. జలంత్రకోట."

"తిన్నాదా?"

"కొంచెం."

నేను మిగిలిన అన్నం మీద మూత పెట్టి, మళ్ళీ వచ్చే ఆటోకు ఏం వండాలని అడిగాను. ఆనపకాయ ఉడికించమంది, నీళ్ళు వార్చడం మరిచిపోవద్దంది.