అటువైపు కొమ్మ

పొద్దున్నే టీ మరగగానే గ్లాసు మీద చెంచాతో టింగుమనిపించేదాన్ని. పెరట్లో కాగితంపూల కంచె అవతల నుంచి అక్క చెయ్యి వచ్చేది. ఉత్త చెయ్యి కాదు, మోచేతి దాకా పాత యూనిఫాం ప్యాంటు కాలు తొడుక్కున్న చెయ్యి. ముళ్ళు గీరకుండా తనే కత్తిరించి కుట్టిన తొడుగు. నాకూ ఒక జత కుట్టిచ్చింది. గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి, "చక్కెరలో కాస్త టీ పోశావా ఏంటే?" అనేది. రోజూ అదే మాట. ఇప్పుడు చెంచా మోగించడం మానేశాను. టీ మాత్రం చెయ్యి అలవాటు కొద్దీ ఒక గ్లాసు ఎక్కువే పెడుతోంది.

మా అక్క బడిపిల్లల యూనిఫాంలు కుట్టేది. మెడలో టేపు, నడుముకి తాడుతో కత్తెర. వీధి వీధంతా కత్తెరమ్మ అనేవాళ్ళు. గుడ్డకే కాదులెండి, ఎవరైనా వంకరగా మాట్లాడితే మాటని కూడా అక్కడికక్కడే కత్తిరించేది. మా రెండిళ్ళూ వీపులు ఆనించుకుని కూర్చున్నట్టు ఉంటాయి. వీధిలోంచి వెళ్ళాలంటే పెద్ద మలుపు తిరిగి రావాలి. "ఇంత దూరం వచ్చేసరికి కూర చల్లారిపోతోందే" అని ఒకరోజు కంచెలో కన్నం చేసింది. గిన్నె పట్టేంత కన్నం. అదీ నరికి కాదు. కొమ్మల్ని అటూ ఇటూ వంచి గుడ్డపేలికలతో కట్టింది.

"ముల్లుకొమ్మని నరికితే పగ పడుతుందే. ఒకటి కొడితే నాలుగొస్తాయి. బుజ్జగించి పక్కకి కట్టెయ్యాలి, నేను మీ బావని కట్టినట్టు" అని నవ్వింది.

నా వైపు కొమ్మలు నావి, తన వైపువి తనవి. ఒకరి పని ఒకరు ముట్టుకోకూడదని తనే పెట్టింది ఆ కట్టుబాటు. మా ఆయన ఒకసారి, "ఈ ముళ్ళ తిప్పలెందుకు వదినా, చిన్న తలుపు పెట్టిస్తాను" అన్నారు.

"వద్దు మరిదీ. తలుపంటూ పెడితే గొళ్ళెం కూడా పెట్టాలి. మీ ఆవిడ అలిగిన రోజున నాకు కూర ఉండదు" అంది అక్క.

వానలు పట్టుకున్నాక అక్క పోయింది. మిషను మీద సగం కుట్టిన చొక్కా అలాగే ఉండిపోయింది. ఎవరో దాని మీద దుప్పటి కప్పారు.

బావ మా మేనత్త కొడుకే. మోటార్లకి రాగితీగ చుట్టడం ఆయన పని. కాలిపోయిన మోటారు తెచ్చిస్తే లోపలి తీగంతా ఊడబీకి, కొత్తది చుట్టి, మళ్ళీ గిర్రున తిప్పి చూపిస్తాడు. అక్క పోయాక షాపు షట్టరు ఎత్తలేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. పిల్లల్లేరు. నేను వీధి చుట్టి క్యారేజీ పట్టుకెళ్తే సగం అలాగే తిరిగొచ్చేది.

"తినకపోతే ఎలా బావా?"

"తిన్నాగా మరదలా."

"గిన్నె వేరేలా చెబుతోంది."

"గిన్నెకేం తెలుసు" అని మళ్ళీ గోడవైపు తిరిగేవాడు.

మనిషి రోజురోజుకీ చిక్కిపోతున్నాడు. అక్క వెనకే ఈయన కూడా వెళ్ళిపోతాడేమోనని నాకు బెంగ పట్టుకుంది.

ఈలోగా కంచె కమ్ముకొచ్చింది. నా వైపు నేను చూసుకుంటూనే ఉన్నాను. అటువైపు పట్టించుకునేవాళ్ళు లేరు. వానకి పేలికలు చివికి తెగిపోయాయి. కొమ్మలు అడ్డంగా లేచి కన్నం పూడుకుపోతోంది. మొత్తం పీకించి గోడ కట్టించేద్దామన్నారు మా ఆయన. నేను బావ దగ్గరికి వెళ్ళాను.

"అటువైపు కొమ్మలు పెరిగిపోయాయి బావా. గిన్నె దూరడం లేదు."

"నువ్వే కొట్టెయ్."

"నాకు చెయ్యి అందదు."

అందుతుంది. అయినా అలాగే చెప్పాను. "ఈ మలుపు తిరగడం ఇంక నా వల్ల కాదు, మోకాళ్ళు పట్టేస్తున్నాయి. కూర ఆ కన్నంలోంచి వస్తేనే వచ్చినట్టు."

మర్నాడు నిజంగానే వెళ్ళలేదు. గిన్నె పట్టుకుని కంచె దగ్గర నిలబడ్డాను. ఎవరూ రాలేదు. ఆ పూట నాకూ ముద్ద దిగలేదు.

ఆ తర్వాతి పొద్దున బట్టలు ఆరేస్తుంటే అటువైపు నుంచి "అబ్బా!" అని వినిపించింది. వంగి చూస్తే బావ. చేతిలో కటింగ్ ప్లేయరు, మోచేతుల దాకా ఎర్రటి గీతలు. కొమ్మల్ని వంచి రాగితీగతో చుడుతున్నాడు. మోటారుకి చుట్టినట్టే, చుట్టు పక్కన చుట్టు, సందు లేకుండా.

"ఏంటి బావా, కంచెకి కరెంటిస్తున్నావా?"

"నవ్వు, నవ్వు. నాకొచ్చిన విద్య ఇదొక్కటేగా."

చాలా రోజులకి నాకు వచ్చిన నవ్వు, దగ్గులా వచ్చింది. "అంత బిగించకు. కొమ్మ లావెక్కేకొద్దీ తీగ కోసేస్తుంది. అక్క పేలికలతో కట్టేది."

"పేలికలెక్కడుంటాయి?"

"మిషను సొరుగులో."

దుప్పటి తియ్యకుండా ఆ సొరుగు రాదు. బావ ప్లేయరు కింద పెట్టి లోపలికి వెళ్ళాడు. ఎంతసేపటికీ రాకపోయేసరికి ఎందుకు చెప్పానా అనిపించింది. చివరికి వచ్చాడు. గుప్పిట్లో పేలికలు, చేతులకి అక్క తొడుగులు. తిరగేసి తొడుక్కున్నాడు, కుట్లు పైకి కనబడుతున్నాయి.

వేసిన ముడులు వదులుగానే ఉన్నాయి, కానీ కన్నం తెరుచుకుంది. గిన్నె అందించాను. అక్కడే నిలబడి తిన్నాడు.

"ఉప్పెక్కువైంది" అన్నాడు.

"అయితే వెనక్కిచ్చెయ్."

ఇవ్వలేదు.

ఇప్పుడు షట్టరు ఎత్తుతున్నాడు. షాపుకి వెళ్ళేముందు కంచె దగ్గరికొచ్చి, టీ తాగుతూ, తన వైపు కొమ్మలు ఒకసారి చూసుకుని పోతాడు. కొన్ని రోజులు వస్తాడు, కొన్ని రోజులు రాడు. రాని రోజు గోడవైపు తిరిగి పడుకున్నాడని నాకు తెలుసు.

ఈమధ్య అటువైపు నుంచి ఒక కొమ్మ బారుగా సాగి నా వైపు వంగింది. నిన్న ఆరేసిన దుప్పటిని పట్టుకుంది, ఇవాళ నా చెంప గీరింది. మా ఆయన కత్తెర తెచ్చిచ్చి, "చేతికి అందుతోందిగా, కొట్టెయ్" అన్నారు.

"అది అటువైపుది" అన్నాను.

కత్తెర మేకుకి తగిలించి, టీ పెట్టడానికి లోపలికి వచ్చేశాను.