మూడు భాషల్లో ఒకే ఫిర్యాదు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ అంటుండేది. మత్తిగిరి పక్కన మేము కాపురమున్న కాలనీలో మంచి నోళ్ళకు కొదవే లేదు. ఎదురుపడితే నవ్వేవాళ్ళు, పండగొస్తే ఒబ్బట్లు పంపేవాళ్ళు, మోరీ కంపు కొడుతుంటే కొంగుతో ముక్కు మూసుకుని మరీ మంచిగా మాట్లాడేవాళ్ళు. ఇన్నేళ్ళయినా ఆ మనుషుల మీద నా కోపం తగ్గలేదు. తగ్గించుకోవాలని నేను ప్రయత్నించిందీ లేదు.

అప్పట్లో మా ఆయన హోసూరులో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టులకు పోయేవారు. పాపకు ఏడేళ్ళు. కాలనీ మొత్తానికీ ఒకటే నీళ్ళ సంపు, దాన్ని ఆనుకునే మురుగు మోరీ. సంపు గోడ పగిలి మోరీ నీళ్ళు లోపలికి ఊరుతున్నాయని కళ్ళున్న ప్రతివాళ్ళకీ తెలుసు. పొద్దున కుళాయి తిప్పితే మొదటి రెండు బిందెలూ వాసనే.

కాలనీ సంఘానికి ఒక అధ్యక్షుడు ఉండేవాడు. రిటైరైన సూపర్‌వైజరు. మా వైపు వేప్పనపల్లి పక్కనుంచి వచ్చినవాడే, మాట్లాడేది మా తెలుగే. మూలింట్లో ఆయనకు సొంత బోరు ఉండేది కాబట్టి సంపు నీళ్ళు ఆయన గొంతు దిగే అవసరం రాలేదు. నేను మూడుసార్లు ఆయన గడప తొక్కాను.

“చూస్తాములేమ్మా, మీటింగులో పెడతాము,” అనేవాడు. మూడుసార్లూ అదే మాట. దున్నపోతు మీద వాన కురిసినట్టే.

తర్వాత పాపకు కామెర్లు వచ్చాయి. కళ్ళు పసుపు తిరిగి, పట్టెడన్నం కూడా లోపల నిలవక మంచాన పడింది. డాక్టరు అన్నిటికంటే ముందు అడిగింది, ఏం నీళ్ళు తాగుతున్నారని. నేను చెప్పాను. బాగా కాచి చల్లార్చినవి తప్ప ఒక్క చుక్క కూడా పోయొద్దని ఆయన గట్టిగా చెప్పాడు.

ఊరి బయట ఒక కాలేజీవాళ్ళు ఆ మధ్యే చిన్న రేడియో పెట్టారు. అది మా చుట్టుపక్కలకే వినబడేది. కృష్ణగిరిలో ఉన్న మా అక్కకు ఎంత తిప్పినా దొరికేది కాదు. ప్రతి బుధవారం పదకొండింటికి జనం ఫోన్ చేసి తమ వీధి కష్టాలు చెప్పుకోవచ్చు, ఆ పనికి బాధ్యులైనవాళ్ళు అక్కడే కూర్చుని జవాబు చెప్పాలి. మాది సరిహద్దు ఊరు కదా, తమిళమైనా కన్నడమైనా తెలుగైనా సరే. నడిపించేది ఒక లెక్చరరమ్మ. గొంతు తేనె. ఆ వారం మా అధ్యక్షుడు వస్తున్నాడని తెలిసి నాకు ప్రాణం లేచొచ్చింది. నలుగురు వింటుండగా అడిగితే మీటింగు పేరు చెప్పి ఎట్లా తప్పించుకుంటాడో చూద్దామనుకున్నాను.

వీధంతా తిరిగి ఇంటికొక ఫోను చేయమని బతిమాలాను.

“నాకు మాట్లాడేకి రాదక్కా. నువ్వు చెయ్యి, మేము వింటాము,” అంది ఎదురింటామె. వంటగదిలోంచి మొగుణ్ణి తిడుతుంటే రెండు వీధులకు వినబడేది ఆమె గొంతు.

“ఆయన మా పిల్లోనికి పని ఇప్పించినాడమ్మా. ఏ మొగం పెట్టుకోని అడిగేది?” అంది ఆ పక్కామె. ఆ తర్వాతి ఇంట్లో టీవీ మోగుతూనే ఉంది, తలుపు మాత్రం తెరుచుకోలేదు.

ఒక్కదాని మాటైతే ఆయన చేత్తో తోసేస్తాడు. అందుకని నేనే ముగ్గురినయ్యాను. తమిళం బడిలో చదువుకున్నాను. కన్నడం అత్తిబెలెలో మేనత్త ఇంట్లో ఉన్నప్పుడు వచ్చింది. తెలుగు అమ్మది. మా ఊళ్ళో మూడు భాషలు రావడం గొప్ప కాదు. వాటిని ఇట్లా వాడుకోవచ్చని మాత్రం అంతకుముందు నాకు తోచలేదు.

బుధవారం పొద్దున్నే కాచిన నీళ్ళు పాపకు చాల్లేదు. మళ్ళీ కాచి, గిన్నె దించి కిటికీలో పెట్టాను. పదకొండు అయింది. ఫోను పాప మంచం పక్కనే ఉండేది. మొదట తమిళంలో మాట్లాడాను, మూడో వీధిలో ఉండే టీచరునని. మర్యాదగా, మెల్లగా. లెక్చరరమ్మ నన్ను మెచ్చుకుంది కూడా. అధ్యక్షుడు పరిశీలిస్తామన్నాడు. నేను మాట్లాడుతుండగానే పాప లేచి, “అమ్మా, నీళ్ళు,” అంది. గిన్నె తాకి చూస్తే చెయ్యి కాలింది. ఆగమని సైగ చేశాను.

రెండోసారి కన్నడంలో కొత్తగా కాపురానికొచ్చిన కోడలినయ్యాను. పాప మళ్ళీ అడిగింది. మళ్ళీ సైగ చేశాను. మూడోసారి తెలుగులో ముసలమ్మనవుదామని గొంతు వణికించి మొదలుపెట్టాను కానీ, సొంత భాషలో నాకు నటన రాలేదు. సంపూ, మోరీ, బోరూ అన్నీ కలిపి కడిగేశాను. వెనక పాప ఏడుస్తూనే ఉంది. రెండు నిమిషాలైపోయాయని లైను తీసేశారు.

రేడియోలో అధ్యక్షుడు నవ్వడం వినబడింది.

“మేడమ్, ఒక మాట చెప్తాను. ఈ మూడు ఫోన్లూ ఒకే ఇంట్లోనించి వచ్చినాయి. మూడిట్లోనూ ఎనకాల ఒకే బిడ్డ ‘అమ్మా, నీళ్ళు’ అని ఏడస్తా ఉంది. మీరూ విన్నారు గదా? కాలనీ అంతట్లో కంప్లైంటు ఉండేది ఈ ఒక్కమ్మకే.”

తేనె గొంతు కూడా నవ్వింది.

“బిడ్డ నీళ్ళకి ఏడస్తా ఉంటే ఫోను పట్టుకోని కూసుండే తల్లి మేడమ్ ఈమె. ఈమె మనకి నీళ్ళ సంగతి చెప్పేది!”

ఎదురింటి రేడియోలోనూ అదే మాట, దాని వెంట ఆ ఇంట్లో నవ్వు. మాట్లాడడం రాని మనిషికి నవ్వడం బాగానే వచ్చింది. ఒక బిడ్డ నీళ్ళడగడం వాళ్ళంతా మూడుసార్లు విన్నారు. విని కనిపెట్టింది మాత్రం నా దొంగతనం. ఒళ్ళు మండిపోయింది. నాలుగోసారి ఫోన్ చేశాను.

“మళ్ళా మీరేనామ్మా?” అంది లెక్చరరమ్మ.

“నేనే. ఆ మూడూ నేనే. నీళ్ళడిగింది కూడా నా బిడ్డే. ఎందుకియ్యలేదో ఆయన్నే అడగండి. కుళాయి నీళ్ళు చుక్క కూడా పొయ్యొద్దని డాక్టరు చెప్పినాడు. కాచిన నీళ్ళు ఇంకా సెగలు కక్కతా ఉండాయి. ఏమప్పా, నీ బోరు నీళ్ళు ఒక చెంబు పంపీ. ఈ నిమిషమే ఫోను పెట్టేస్తాను.”

లైను తీసేసి ఏదో పాట వేశారు. నేను గ్లాసులో నీళ్ళు పోసి ఊదుకుంటూ వెనక్కి తిరిగేసరికి పాప గోడవైపు తిరిగి నిద్రపోయింది.

చెంబు రాలేదు. రెండు వారాలకు మేస్త్రీలు వచ్చి సంపు గోడ కట్టారు, మోరీని పక్కకు తిప్పారు. ఆ గోడకు అధ్యక్షుడి పేరుతో నల్లరాయి కూడా పెట్టారు. మన ప్రెసిడెంటు చెప్తే చేసే మనిషక్కా, అని ఎదురింటామె పండక్కి ఒబ్బట్లు పంపింది. వీధిలో పోయే ఆవుకు పెట్టాను. ఆమె చూస్తుండగానే పెట్టాను.

పాపకు నయమైంది. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. ఈ కథ ఇంటికొచ్చినవాళ్ళకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ ఆ నవ్వుల దగ్గర నా గొంతు లేస్తుంది. మొన్న ఒకసారి చెప్తుంటే పాప పక్కనే ఉంది. ఆ జబ్బులో నీకేం గుర్తుందే అని అడిగాను.

“నేను నీళ్ళడిగితే నువ్వు ఫోన్లో ఉంటివి,” అంది. “ఎవరెవరి గొంతులతోనో మాట్లాడతా ఉంటివి. నువ్వు మా అమ్మవి కాదేమో అని భయమేసింది.”

“నీళ్ళు చల్లారలేదే పాపా. నీకోసమే గదా అదంతా చేసింది. రేడియోలో అందరికీ చెప్పినాను గదా!”

“అందరికీ చెప్పినావు మా,” అంది. “నాకు చెప్పలేదు.”