పిలుపుకే పిన్ని

ఎనభైల్లో ఒక మే నెల, ఆగిరిపల్లిలో మా మామిడితోట. అక్కడ ఉన్నది: నేను, నేను దరఖాస్తు పెట్టిన రక్షణశాఖ ఉద్యోగానికి విచారణకొచ్చిన ఇన్‌స్పెక్టరు, ఊరి వరసన బాబాయయ్యే పక్కతోట సుబ్బయ్య, బుట్టెడు రసాలు.

విదేశాల్లో బంధువులు లేరని ఫారంలో రాశాను. ఉంటే ఉద్యోగం దక్కదు.

"అదేంట్రా! రంగూన్‌లో మీ పిన్ని ఉందిగా?" అన్నాడు బాబాయి, నేనిచ్చిన రసమే జుర్రుతూ.

"ఆవిడ మా పాత పక్కింటావిడండీ, పిలుపుకే పిన్ని," అన్నాను. ఇన్‌స్పెక్టరు వినకుండా రాసుకున్నాడు.

బాబాయి కొడుకూ అదే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు. నాకు ఒళ్లు మండింది.

"ఈయన నాకు బాబాయండీ. వీళ్లబ్బాయి తమ్ముడు. నా పిన్ని వాడికీ పిన్నేగా, వాడి ఫారంలోనూ రాయండి."

"ఆవిడ పిలుపుకే పిన్నండీ!" అని బాబాయి గగ్గోలు పెట్టాడు. ఇన్‌స్పెక్టరు అదీ వినలేదు.

ఇప్పటికీ నాకు పశ్చాత్తాపం లేదు. దరఖాస్తులు రెండు. వచ్చిన ఉద్యోగాలు సున్నా.