తుపాకీకి పసుపు

నేను ఐదో తరగతి దాకా చదువుకున్నాను. ఉత్తరాలు తప్ప ఇంతకు ముందు ఏమీ రాయలేదు. తుపాకుల గురించి రాయడానికి నాకేం తెలుసని భయంగానే ఉంది. కాని మా తమ్ముడి ప్రాణం ఒక తుపాకీ మీద ఆధారపడిన రోజు ఒకటుంది. ఆ రోజు చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మాది కడియం పక్కన పల్లె. బంతి, చామంతి వేసి పూల మార్కెట్టుకి తోలేవాళ్ళం. తమ్ముడికి పోలీసుల్లో ఉద్యోగం వచ్చింది. స్టేషన్లో కూర్చునే పోలీసు కాదు, తుపాకీ పట్టుకుని తిరిగే రకం. తొంభైల చివర్లో ఒక దసరాకి ముందు, పండగ రోజు మధ్యాహ్నమే వాణ్ణి ఏజెన్సీకి పంపుతున్నారని కబురొచ్చింది. అప్పట్లో ఏజెన్సీ అంటే అడవి, అడవి అంటే అన్నలు. ఎప్పుడు ఏ వైపు నుంచి కాల్పులు జరుగుతాయో తెలీదు. ఆ మాట విన్నప్పటి నుంచి మా అమ్మకి అన్నం సహించలేదు.

దసరాకి మన ఇళ్ళల్లో కొడవలి, పార, గునపం కడిగి బొట్టు పెట్టినట్టే పోలీసు లైన్లలో తుపాకులకి పూజ చేస్తారు. ఇంట్లోవాళ్ళని కూడా రానిస్తారు. అమ్మా నేనూ రెండు బుట్టల నిండా పూలదండలు పెట్టుకుని బస్సెక్కాం.

షామియానా కింద పొడుగాటి బల్లలు, వాటి మీద తెల్ల దుప్పట్లు, దుప్పట్ల మీద తుపాకులు. అప్పటిదాకా తుపాకీ అంటే బ్యాంకు గేటు దగ్గర కాపలా ఆయన చేతిలో చూడ్డమే. అన్ని ఒక్కచోట, నూనె రాసి నిగనిగలాడుతూ పడుకుని ఉంటే కాసేపు చెప్పులు విప్పాలో వద్దో కూడా తోచలేదు. ఎందుకైనా మంచిదని విప్పేశాను.

ఆయుధాలు బాగుచేసి తాళం వేసుకునే హెడ్ కానిస్టేబులు ఒకాయన ఉన్నారు, అందరూ హెడ్డు గారనేవారు, రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి. చెక్క మీద ఒక్క బొట్టు పెడితే చాలని, ఇనుము జోలికి పోవద్దని ఆడవాళ్ళందరికీ చెప్పారు. తర్వాత నేను వింటున్నానని గమనించి బల్ల వెంట నడుస్తూ ఒక్కొక్కటీ చూపించారు.

మొదటిది తెల్లదొరల కాలంది. ఒక్కో తూటాకీ తలుపు గడియ తీసి వేసినట్టు చేత్తో లాగి తొయ్యాలట. దాని పక్కది తనంతట తనే నింపుకుంటుంది కాని మోయడానికి బరువు, కాలిస్తే భుజం అదిరిపోతుంది. ఆ పక్కన పొట్టిగా, కింద వంకర డబ్బా తగిలించుకుని ఉన్నదే ఏకే. దాని పేరు పేపర్లో వచ్చేది. డబ్బా ఎందుకు వంకరని అడిగాను. తూటా మొదలు లావు, చివర సన్నం, అలాంటివి ఒకదాని మీద ఒకటి పేరిస్తే వంపు తిరుగుతాయి, అరటిపళ్ళ అత్తం ఎప్పుడూ చూళ్ళేదా అన్నారు.

దాని పుట్టుక కూడా ఆయనే చెప్పారు. సిపాయిలు కాల్చుకునేది దగ్గర నుంచే కదా, అంత దూరం పోయే పెద్ద తూటా ఎందుకని రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీవాళ్ళకి తోచిందట. తూటాని పొట్టి చేశారు. దాంతో తుపాకీ తేలికైంది, వరసగా కాల్చినా చేతిలో నిలిచింది. అదే యుద్ధంలో రష్యా సిపాయి ఒకాయన దెబ్బ తగిలి ఆస్పత్రిలో పడుకుని, ఎలాంటి తుపాకీ ఉంటే బాగుండునా అని ఆలోచించుకునేవాడట. రైతు ఇంట్లో పుట్టిన మనిషి, పెద్ద చదువు లేదు. కొన్నేళ్ళకి ఆయన చేసిందే ఏకే. తర్వాత అమెరికావాళ్ళు ఇంకా సన్నటి తూటాతో, చెక్క బదులు ప్లాస్టిక్కు పెట్టి వేరేది చేసుకున్నారు. మన దేశం కూడా సొంతంగా ఒకటి చేసింది కాని అది ఇంకా తన చేతికి రాలేదన్నారు. మంచం మీద పడుకున్న మనిషి ఆలోచన రష్యా నుంచి మా పూలబుట్టల దాకా ఎలా వచ్చిందా అని నేను అక్కడే నిలబడిపోయాను.

అమ్మ మాతో బల్ల వెంట రాలేదు. తమ్ముడు తనకిచ్చే తుపాకీ ఏదో ముందే చూపించాడు. అదీ ఏకేనే. అమ్మ దాని దగ్గరే ఆగి, గడపకి రాసినట్టు తడి పసుపు రాసింది. గొట్టం పొడుగునా రాసింది. పైనున్న చిన్న చిన్న రంధ్రాల్లో మెత్తింది. మూతిలో వేలితో ఇంత ముద్ద కూరి, దాని మీద బంతిపువ్వు గుచ్చి దండం పెట్టుకుంటోంది.

హెడ్డు గారు వెనక్కి తిరిగి అది చూశారు. కేకలేయలేదు. తమ్ముణ్ణి పిలిచి లారీ ఎప్పుడని అడిగారు. భోజనాలవగానే అన్నాడు వాడు.

“ఇలాగే పట్టుకెళ్ళి కాల్చావంటే గొట్టం పగిలి నీ మొహం మీదకే వచ్చుద్దిరా,” అన్నారు.

అమ్మ పసుపు చేతులు వెనక్కి తీసుకుంది. “వాడు చల్లగా ఉండాలనేనండి,” అంది.

“తెలుసమ్మా. కూర్చోండి. మీ ఎదురుగానే తీస్తాను.”

“పులిహోర కలుపుదామనుకున్నావేంటే అమ్మా, ఇంత పసుపు పోశావు?” అన్నాడు తమ్ముడు. అమ్మ నవ్వలేదు.

హెడ్డు గారు వంకర డబ్బా తీసి పక్కన పెట్టి, లోపల తూటా లేదని వేలు పెట్టి చూసుకున్నారు. వెనక ఒక మీట నొక్కితే పై మూత టిఫిను డబ్బా మూతలా లేచి వచ్చింది. స్ప్రింగు తీశారు. పొడుగాటి ఇనుప కడ్డీ ఉన్న ముక్కని వెనక్కి లాగి తీశారు. పట్టుమని పది ముక్కలు లేవు. ప్రపంచమంతా భయపడేది ఇంతేనా అనిపించింది.

చేలో ఆయిలింజను తెలుసు కదా, ఈ కడ్డీ అందులో పిస్టను లాంటిదే అని చెప్పారు. తూటా గొట్టంలో పరిగెడుతుంటే దాని వెనక పొగ కొంచెం పైకి మళ్ళి ఈ కడ్డీని తన్నుతుంది. కడ్డీ వెనక్కి పోతూ ఖాళీ తొడుగుని బయటికి విసిరేస్తుంది. స్ప్రింగు దాన్ని ముందుకి తోస్తే కొత్త తూటా ఎక్కుతుంది. పేలిన తూటా పొగే రాబోయే తూటాకి దారి చేస్తుందన్నమాట.

ఆ ముక్కల్ని వదులు వదులుగా చెయ్యడంలోనే ఉంది తెలివంతా అన్నారు. బురదలో పడినా, ఇసుకలో పడినా ఆ మట్టి సందుల్లోకి చేరుతుంది గాని తుపాకీ ఆగదు. మూతి మూసుకుపోతే మాత్రం ఏ తుపాకీ అయినా ఒకటేనట.

ఊచకి గుడ్డ చుట్టి గొట్టంలో తోస్తే పచ్చగా బయటికొచ్చింది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా మారుస్తూనే ఉన్నారు. అప్పుడు గొట్టం వెలుగు వైపు పట్టి అమ్మని చూడమన్నారు. అమ్మ తర్వాత నేనూ చూశాను. లోపల అద్దంలా మెరుస్తూ, జడ అల్లినట్టు గాడులు మెలికలు తిరిగి పోతున్నాయి. తూటా బొంగరంలా తిరగడానికవి.

మళ్ళీ బిగించడం తమ్ముడే చెయ్యాలని అమ్మ పట్టుబట్టింది. వాడు చేతుల వంక చూడకుండానే బిగించి, మూత మీద అరచేత్తో ఒక్కటి చరిచాడు. ఉత్తినే ట్రిగ్గరు నొక్కితే టక్కుమంది.

అది చూసి అమ్మ అడిగింది. “అవతలోళ్ళ దగ్గరా ఇదేనాండీ?”

హెడ్డు గారు నూనె గుడ్డ మడతపెట్టుకున్నారు. తర్వాత, “ఇదేనమ్మా,” అన్నారు.

భోజనాలయ్యాక లారీ స్టార్టయితే అమ్మ దాని పక్కకి వెళ్ళి తమ్ముడి మోకాలి మీద చెయ్యేసింది.

“అది ఎవరి చేతిలోనూ ఆగదంట నాన్నా. నువ్వే ఆగి, చూసుకుని అడుగెయ్యి,” అంది.

వాడు తలూపాడు. లారీ గేటు దాటింది.

తమ్ముడు అక్కడ చెయ్యాల్సినంత కాలం చేసి క్షేమంగానే వచ్చాడు. వచ్చిన రోజు అమ్మ తలంటడానికి కూర్చోబెట్టి ఒంటికి నూనె రాస్తోంది. కుడి భుజం దగ్గరికొచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆగిపోయింది. కాల్చేటప్పుడు తుపాకీ ఆనే చోటది. వేళ్ళతో మెల్లగా తడిమి చూసింది. దాంతో ఎవర్నైనా కాల్చావా అని అమ్మ అడగలేదు, వాడు చెప్పలేదు. నేను కుంకుడు రసం తేవడానికి లోపలికి వెళ్ళాను.