సూది శుక్రవారం

ఆక్లాండ్ శివారు మాంగెరెలోని గ్రంథాలయంలో తెల్లవారుజామున నేల తుడిచే పని వైసిమాది. పుట్టింది టోంగా దీవుల్లో. ఇరవై రెండేళ్లకు ఆక్లాండ్ వచ్చింది. నేనూ టోంగా దాన్నే. ఈ పేటల్లో ఇంటింటికీ తిరిగి సూదులు వేసే నర్సుని. ఆమె కూతురు టోకిలుపే వల్లే మాకు పరిచయం.

ఆ పిల్లకు ఏడో ఏట గొంతునొప్పి వచ్చింది. చలికాలం, గోడలకు చెమ్మ పట్టిన ఇల్లు, ముందుగదిలో ఒకే పరుపు మీద నలుగురు. గొంతు బాగుపడింది కాని మూడు వారాలకు కీళ్లు వాచాయి. కీళ్లవాత జ్వరమన్నారు. అప్పటికే గుండెలో కవాటం దెబ్బతింది. నాలుగు వారాలకోసారి పెనిసిలిన్ సూది, కనీసం పదేళ్లు. మాకు శుక్రవారం కుదిరింది.

మొదటి రెండుసార్లూ టోకిలుపేని బట్టల బీరువాలోంచి బయటికి లాగాల్సి వచ్చింది. మూడోసారి సోఫా వెనక నుంచి తల బయటపెట్టి తల్లిని అడిగింది.

"అమ్మా, నువ్వు తుడిచే చోట అన్ని పుస్తకాలున్నాయి కదా. సూది వేయించుకునే పిల్ల ఏ పుస్తకంలోనైనా ఉందా?"

"చూస్తాలే."

ఊరికే అనలేదు, నిజంగానే చూసింది. రోజూ పనయ్యాక అరగంట కూర్చుని పిల్లల అరలన్నీ తిరగేసింది. సూది వేయించుకునే పిల్లలు ఒకరిద్దరు కనిపించారు. కాని వాళ్లకు ఎవరి గది వాళ్లకుంది, ఒక్క సూదితో జబ్బూ పోయింది.

"మనలాంటోళ్లు ఒక్కరూ లేరు నర్సక్కా," అంది నాతో. "గుమ్మడికాయ మీద కూడా పుస్తకం రాశారు. మన మీద లేదు."

చిన్నప్పుడు టోంగాలో తల్లి పక్కన కూర్చుని, చెట్టు బెరడు సాగగొట్టి చేసే బట్ట మీద రంగులద్దిన చెయ్యి ఆమెది. పాత కాగితాల వెనక వైపు బొమ్మలు వేయడం మొదలుపెట్టింది. కిటికీ అద్దం మీది తడిలో వేలితో పేరు రాసే పిల్ల, పరుపు మీద నలుగురు, పిల్లలు బడికి వెళ్లే వేళకు విమానాశ్రయంలో పని ముగించుకుని వచ్చే నాన్న, ఆయన తెచ్చే వేడి చిప్స్. పక్కనే టోకిలుపే కూర్చుని తప్పులు పట్టేది.

"నర్సత్తకి అంత బొజ్జ పెట్టావేంటి?"

"ఉంది కాబట్టి పెట్టాను."

"సరే, నా ముక్కు మాత్రం చిన్నది చెయ్యి."

ఆ బొమ్మల పుస్తకానికి 'సూది శుక్రవారం' అని పేరు పెట్టింది పిల్లే. ఆ తర్వాత దాక్కోలేదు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని, సూది ఉన్న పేజీ తీసి, "ఇప్పుడెయ్యి అత్తా" అనేది. నేను దానికి నకలు తీయించి మిగతా ఇళ్లకూ పట్టుకెళ్లాను.

టోకిలుపేకి పదేళ్లప్పుడు ఇంటి యజమాని ఇల్లు అమ్మేశాడు. వీళ్లు వేరే పేటలో బంధువుల గ్యారేజీకి మారారు. ఫోన్ నంబరు కూడా మారింది. నేను పాత ఇంటి తలుపు కొట్టి, చుట్టుపక్కల అడిగి వచ్చాను. వాళ్లు వెళ్లే చర్చిలో అడగాలని నాకు తట్టేసరికి రెండు సూది శుక్రవారాలు దాటిపోయాయి.

"పరిగెడుతోంది, ఆడుతోంది. బాగానే ఉందనుకున్నానక్కా," అంది వైసిమా. నేను కళ్లెత్తి ఆమెను చూడలేకపోయాను.

జ్వరం తిరగబెట్టింది. గుండెకు ఆపరేషన్ చేశారు. ఆసుపత్రిలో పిల్ల పుస్తకం అడిగింది. అది గ్యారేజీలో ఏ పెట్టె అడుగున ఉందో తెలియదు.

"కొత్తది గీస్తాలే తల్లీ."

"అయితే ఇల్లు మార్చు. గ్యారేజీ వెయ్యి."

ఆపరేషనైన తొమ్మిదో రోజున పోయింది.

రెండేళ్లు వైసిమా పెన్సిలు ముట్టుకోలేదు. నకలు పేజీలు ఇళ్లల్లో చిరిగిపోతున్నాయని, అచ్చు వేయిద్దామని నేనే బతిమాలాను. చిన్న ప్రచురణ సంస్థ నడిపే ఒకావిడ ఆ గ్యారేజీకి వచ్చి, పేజీలన్నీ ఇష్టంగా చూసింది.

"చివర్లో పాపకి నయమైపోయినట్టు పెడదామా? పిల్లలు చదివేది కదా."

వైసిమా పేజీలన్నీ మళ్లీ వరసగా పేర్చింది.

"నయమవడం ఇందులో లేదమ్మా. మళ్లీ శుక్రవారం వస్తుంది, నర్సు వస్తుంది, పిల్ల తలుపు తీస్తుంది. అంతే."

ఒక్క పేజీ మాత్రం కొత్తగా వేసింది. గ్యారేజీలో సామాను పెట్టెల మధ్య నిలబడి పిల్ల ఫోన్ చేస్తుంటుంది: "అత్తా, మేం ఇల్లు మారాం. రాసుకో."

పుస్తకం వచ్చిన రోజు గ్రంథాలయంలో ఆమెనే చదవమన్నారు. ఆ పేజీ దగ్గర పుస్తకం నా చేతిలో పెట్టింది. మిగతాది నేను చదివాను.

ఈ చలికాలం నాకు అలాంటి ఫోనొకటి నిజంగానే వచ్చింది. మర్నాడు పొద్దున్నే వెళ్లి వైసిమాకి చెప్పాను. తుడిచే కర్ర గోడకి ఆనించింది.

"ఏ పిల్ల?"

"పేరు చెప్పకూడదు."

"వయసు?"

"ఎనిమిది."

"ఇల్లు మారిన ఎన్నాళ్లకి చేసింది?"

"అదే రోజు."

"అదే రోజా," అంది. బయట మెట్ల మీదికొచ్చి కూర్చుని, కోటు టోపీ ముఖం మీదికి లాక్కుంది. ఆమె బస్సు వచ్చేదాకా పక్కనే కూర్చున్నాను.