చప్పుడు తినే గోడలు

మా మామ పోయాడని ఆదివారం పొద్దున శామీర్‌పేట నుంచి కబురొచ్చింది. కూతురింట్లో, నిద్రలోనే వెళ్ళిపోయాడట. కబురు తెచ్చినతను గొంతు తగ్గించి చెప్పాడు. మా వైపు ఇంకా ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు.

ఆయన వడ్రంగి. మేడ్చల్ దారిలోని మా ప్రార్థన మందిరానికి రేకుల కప్పు వేశాక, పాస్టరుగారి మాటలు గోడలకు కొట్టుకొని ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి. మామ వరిగడ్డి సన్నగా నరికి, ఊక, సున్నం, తుమ్మబంక కలిపి, చట్రాల్లో తొక్కి పలకలు చేశాడు.

"గడ్డి గొడ్లకేస్తరు గని గోడలకేస్తరా మామా?" అని నవ్వాను.

"గోడ గూడ తింటది బిడ్డా. చప్పుడు తింటది," అన్నాడు.

పలకలు బిగించాక వెనక కూర్చునే అవ్వలకు కూడా వాక్యం స్పష్టంగా వినబడింది.

తర్వాత రోజులు చెడ్డాయి. తుపాకులవాళ్ళు ఊళ్ళమీద పడి ఆడవాళ్ళను లాక్కుపోతున్నారని వినేవాళ్ళం. మామ ఎవరికీ చెప్పకుండా మా వడ్ల గది గోడలకూ తలుపుకూ పలకలు కొట్టాడు.

ఒక మధ్యాహ్నం, మగవాళ్ళంతా పొలాల్లో ఉండగా, ఆయన ఉరికొచ్చాడు. "జల్దీ లోపల్కి నడువుండ్రి. నేనొచ్చెదాక తలుపు తియ్యకుండ్రి."

నన్నూ ఇరుగుపొరుగు ఆడవాళ్ళనూ లోపలికి పంపి, తలుపుకు అడ్డంగా గడ్డిమోపులు పేర్చాడు. నా చంటిది గుక్కపట్టింది. నోరు మూయబోతే పక్కింటి అక్క నా చెయ్యి లాగేసింది. "సంపుతవా ఏందే? ఏడ్వనీ. మామ గోడలున్నయ్."

బయటి నుంచి చిన్న అలికిడైనా లేదు.

ఎంతసేపటికో మోపులు జరిగాయి. గడపలో మామ, చెవుల వెంట నెత్తురు కారుతూ. ఆ గోడకు అవతలే, మా వాకిట్లోనే, ఆడవాళ్ళెక్కడని అడుగుతూ వచ్చినవాళ్ళు ఆయన్ని తుపాకీ మడమలతో బాదారట.

"నా అరుపు మీకినబడ్డదా బిడ్డా?"

లేదని తల ఊపాను.

"మంచిగైంది. ఇనబడితే తలుపు తీద్దురు."

ఆ దెబ్బలకు వినికిడి పోయింది. వైద్యానికని కూతురు తీసుకుపోయింది. మేము చూడబోతే నా బిడ్డ ఆయన ఒళ్ళో కూర్చుని ఏవేవో కబుర్లు చెప్పేది. ఆయన దాని పెదవులనే చూస్తూ నవ్వేవాడు. అది బతికుందంటే ఆయన చలవే.

మట్టి ఇచ్చి వస్తుంటే, వడ్ల మిల్లు వెనక ఊక కుప్ప కాలుతోంది. పైన బూడిదే, మంట లేదు. గాలి వీచినప్పుడు మాత్రం లోపల ఎర్రగా కనబడుతోంది. దాని పక్కనుంచి ఎవరో కొత్త మనుషులు, భుజాల మీద దుప్పట్లు కప్పుకొని, వాటి కింద పొడుగ్గా ఏవో దాచుకొని, మా ఊరి వైపు నడిచిపోతున్నారు.