వార్నిష్ ఆరని పడవకు బొట్టు

ఆయుధ పూజ పొద్దున బావ పసుపు ముద్దలో మూడు వేళ్ళు ముంచి, పడవ అంచున ఉన్న టేకు పట్టీ మీద గట్టిగా రాసేశాడు. మధ్యలో కుంకుమ అద్దాడు. ముందురోజు పూసిన వార్నిష్ ఇంకా ఆరలేదు. పసుపు అందులోకి దిగిపోయింది. పక్కనే ఉన్న బావ వియ్యంకుడి ముఖం వాడిపోయింది. నాకు మాత్రం కడుపు చల్లబడింది.

బావ అంటే మా అక్క మొగుడు. ఐరాల దగ్గర మామిడి తోట ఉంది. చెన్నైలో ఎవరో అమ్మేస్తున్న పాత తెరచాప పడవను కొని, ట్రాలీ మీద తోటలోని కాయల షెడ్డుకు తెచ్చుకున్నాడు. బేరానికి వెంట వెళ్ళింది నేనే. "ఏమప్పా, మా చెరువులో కప్పలకే నీళ్ళు లేవు, ఓడ తెస్తివే!" అని ఊళ్ళోవాళ్ళు ఎగతాళి చేస్తే కలిసి నవ్వుకున్నాం. ఎండకు బూడిదరంగు తిరిగిన ఆ టేకును మేమిద్దరమే రుద్ది, మెరుగు పెట్టి, పులికాట్ సరస్సులో దించుతామనుకున్నాను. అందులో ఇద్దరే పడతారు.

పత్రిక పని మీద ఒక ఆదివారం తిరుపతిలో ఆగిపోయాను. తర్వాత వెళ్ళేసరికి సూళ్ళూరుపేట నుంచి వియ్యంకుడు దిగి ఉన్నాడు. కొయ్య చారల వెంబడే గరుకు కాగితం రుద్దుతున్నాడు. దుమ్ము పడకుండా చుట్టూ తడి గోనెలు కట్టాడు. పని బాగుంది. అదే నాకు మింగుడు పడలేదు. ఆయన కూడా బావను "బావా" అనే పిలుస్తాడు. వియ్యంకుల మధ్య అది మామూలే. అయినా ఆ షెడ్డులో ఆ పిలుపు నాదనుకున్నాను. నాకు దక్కింది వార్నిష్ డబ్బా పట్టుకోవడం.

పండగ పొద్దున కూడా ఆయన, "ఆరలేదు బావా, తాకబాకండి" అంటూనే ఉన్నాడు.

"దేవుని పనికి తడేంది, పొడేంది అబ్బా? ట్రాక్టరుకు పెట్టలేదా?" అన్నాడు బావ. అది కాణిపాకం నుంచి తెచ్చిన కుంకుమ.

"అంత మేరా మళ్ళీ రుద్దాల్సిందే" అన్నాడు వియ్యంకుడు.

"బొట్టు గీకేస్తారా యాడన్నా? నువ్వు సెప్పు బామ్మర్దీ!"

ఆ మాట కోసమే వారాలుగా కాచుకుని ఉన్నాను. "గీకకూడదు బావా" అన్నాను.

వియ్యంకుడు ఆ గీతలను చూసి నవ్వాడు. "సరే. ఆరినాక బొట్టు మీదనే పూస్తా."

మరుసటి వారం వెళ్ళాను. పసుపు గీతలు వార్నిష్ కింద, అద్దం వెనక పెట్టినట్టు మెరుస్తున్నాయి. బావ వచ్చినవాళ్ళందరినీ అక్కడికే తీసుకుపోతున్నాడు. "సూడండప్పా, మా వియ్యంకుని పనితనం!"

పడవ ఇంకా షెడ్డులోనే ఉంది. వానలకు పులికాట్ నిండాక దించుతారట. పడవలో బావ పక్కన రెండో చోటు ఎవరిదో బావ చెప్పలేదు. వియ్యంకుడూ అడిగినట్టు లేదు.